పర్లాకిమిడి చలికాలం: ఫొటో తీయడం కన్నా ఇవ్వడమే పెద్ద పని

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడి చలి ఊటీ చలి కాదు. కార్తీకం వచ్చాక తెల్లవారుజామున మఫ్లర్ చుట్టుకుంటాం, ఎనిమిదిన్నరకల్లా విప్పేస్తాం. పైన మహేంద్రగిరి వైపు, మోహన వైపు చలి గట్టిగానే ఉంటుంది. ఊళ్లో మాత్రం మహేంద్రతనయ నది ఒడ్డునా, కోతలయ్యాక ఇంకా తడి ఆరని పొలాల మీదా పరుచుకునే పొగమంచే మాకు చలికాలం. ఆ వేళ ఊరు ఎలా ఉంటుందో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఫొటోలు తీయాలని పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు, ఏ పోటీకీ కాదు.

నేను బట్టల షాపులో లెక్కలు రాస్తాను. పదింటికి కౌంటర్లో ఉండాలి కాబట్టి నా ఫొటోగ్రఫీ అంతా పొద్దున్నే. కెమెరా కెనాన్ 1300డి, బరంపురంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దాంతో వచ్చిన 18-55 లెన్సు ఒకటి, తర్వాత కొన్న 50 ఎంఎం ఒకటి. ఈ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 50 లెన్సు 80లాగా పనిచేస్తుంది. మనిషి మీద మీదకు వెళ్లకుండా ముఖం పట్టుకోవచ్చు. మొహమాటం ఉన్నవాళ్లకు మంచి లెన్సు.

కార్తీక పున్నమితో మొదలుపెట్టాను. ఆ రోజు చెరువు దగ్గర తెల్లవారకముందే జనం. మన ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటే, పక్క మెట్ల మీద ఒడియా వాళ్లు అరటి దొన్నెలతో, రంగు కాగితాలతో చేసిన చిన్న పడవలు వదులుతారు. పూర్వం జావా, బాలీ వైపు ఓడలెక్కి వెళ్లిన వర్తకుల జ్ఞాపకంగా చేసే బొయిత బందాణ అది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చాం, వంతెన అవతల పాతపట్నం అటే, ఇప్పటి ఆంధ్ర వైపే, ఉండిపోయింది. చెరువులో మాత్రం దీపాలూ పడవలూ కలిసే తేలతాయి. ఫ్లాష్ వేస్తే ఆ వెలుగంతా చచ్చిపోతుంది. ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుతురునూ పట్టుకునే సెట్టింగు, 3200కి పెంచి, 50 లెన్సు పూర్తిగా తెరిచి, దీపం వదిలే మనిషి వంగి ఒక్క క్షణం ఆగేదాకా చూశాను. అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా నాయిస్ వచ్చింది. రానీ, నాకేం పట్టింపు లేదు.

పట్టింపు ఉన్నది జనానికి. "ఏటి బావూ, ఎందుకు తీస్తన్నావు? పింఛనుకా?" అని ఒక ముసలమ్మ నిలదీసింది. తప్పు లేదు. రేషన్‌కి ఫొటో, ఉపాధి పనిలో హాజరుకి ఫొటో. కెమెరా కనబడితే ఏదో ఒక కాగితం పని అనుకోవడం అలవాటైపోయింది. ఒడియా వాళ్లనైతే "మౌసీ, ఫొటో గొటే నేబి?" (పిన్నీ, ఒక ఫొటో తీసుకోనా?) అని అడుగుతాను. వద్దంటే దండం పెట్టి జరిగిపోతాను. సరే అన్నవాళ్లకు కాపీ ఇస్తానని చెప్పి, ఇల్లెక్కడో చిన్న నోట్‌బుక్కులో రాసుకుంటాను. "రైస్‌మిల్లు వెనక, నీలం తలుపు" ఇలాంటి అడ్రసులు.

మాట ఇచ్చాను గనుక ప్రింట్లు వేయించాలి. అక్కడే నా ఓపిక తేలింది. మొదట ఇచ్చిన ల్యాబ్ ఐదు బై ఏడు సైజు వేసి కొందరి తలల పైభాగం కోసేసింది. నా కెమెరాలాంటి డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటో వెడల్పూ ఎత్తూ మూడుకి రెండు లెక్కలో ఉంటాయి. నాలుగు బై ఆరు, ఎనిమిది బై పన్నెండు, పన్నెండు బై పద్దెనిమిది అయితే అంచులు పోవు. ఐదు బై ఏడూ, ఎనిమిది బై పదీ అయితే కత్తిరింపు తప్పదు. అది ముందే తెలిసినా, "మా దగ్గర పేపరు ఇదే ఉంది" అని వాళ్లు నాకు చెప్పకుండా వేసేశారు. అంతకన్నా పెద్ద గొడవ పొగమంచు ఫొటోలతో వచ్చింది. మెత్తగా బూడిద తెలుపులో ఉండాల్సిన నది ఒడ్డు నల్లగా, కొట్టొచ్చినట్టు వచ్చింది. వాళ్ల మిషన్‌కి పొగమంచు అంటే డల్ ఫొటో. దానంతట అదే కాంట్రాస్ట్ పెంచేస్తుంది. రెండోసారి వేరే చోటికి వెళ్లి, ఆటో కరెక్షన్ తీసేసి ఉన్నది ఉన్నట్టు వేయమని కాగితం మీద రాసిచ్చాను. ముందు ఒక్కటి వేయించి, పగటి వెలుతురులో చూసి, అప్పుడు మిగతావి వేయమన్నాను. ఎవరైనా ఇదే చేయండి. పది రూపాయల ప్రింటు కోసం ఇంత రాద్ధాంతమా అని కౌంటర్లో కుర్రాడు మొహం పెట్టినా పట్టించుకోకండి.

పొగమంచుకి కెమెరాలో చేయాల్సింది కూడా కొంచెం ఉంది. వెలుతురు కొలిచే కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ ఓ మోస్తరు బూడిద రంగులోకి లాగాలని చూస్తుంది. అందుకే ఫొటోలో వెలుతురు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ మూడింట రెండు వంతులో, ప్లస్ ఒకటో పెడతాను. ఆటోఫోకస్ మంచులో ఏదీ పట్టుకోలేక ముందుకీ వెనక్కీ గిరగిర తిరుగుతుంది. సైకిల్ హ్యాండిలో, కరెంటు స్తంభమో, అంచు గట్టిగా కనబడేదాని మీద ఫోకస్ చేస్తే నిలుస్తుంది. లేదంటే లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసుకుని చేత్తో తిప్పుకోవడమే. రైలు కోసం స్టేషన్లోకి వెళ్లను, అనుమతుల తలనొప్పి ఎందుకని. గేటు దగ్గర, రోడ్డు మీదే నిలబడతాను. గుణుపురం వైపు నుంచి వచ్చే బండికి ముందు దీపం కనబడుతుంది, తర్వాత కాసేపటికి గానీ ఇంజను కనబడదు. ఆ మధ్యలో గేటు దగ్గర ఆగిన వాళ్ల మఫ్లర్లూ, పాల క్యాన్లూ తీసుకుంటే చాలు.

ఇక ఆ ప్రింట్లు ఇళ్లకు పట్టుకెళ్లాక సంగతి మారింది. రైస్‌మిల్లు వెనక నీలం తలుపు మౌసి తన పడవ ఫొటో చూసుకుని, కోడల్ని పిలిచి చూపించి, "గురువారం రా, ఇంట్లో ముగ్గులేస్తాం" అంది. ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారాలు లక్ష్మీ పూజ. వాళ్ల మార్గశిరం కార్తీక పున్నమి మర్నాడే మొదలవుతుంది, మనది అమావాస్య వెళ్లాక. మా అమ్మ కూడా మార్గశిర లక్ష్మివారాలు చేస్తుంది. అలా రెండు లెక్కలూ కలుపుకుంటే నాకు గురువారాలు బాగానే దొరికాయి. కెమెరా పట్టుకుని నేరుగా అడిగి ఉంటే ఆ గడప దాటనిచ్చేవారా? అనుమానమే.

మనం పొడి పిండి చిటికెతో పట్టి గీత గీస్తాం. ఆవిడ నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పల్చగా కలిపి, అందులో వేళ్లు ముంచి, వేళ్ల కొసల నుంచి జారుతుంటే చెయ్యి నడిపింది. గడప నుంచి పూజ గదిలో కొత్త ధాన్యం పెట్టిన చోటి దాకా లక్ష్మి పాదాలు. వేసేటప్పుడు అవి సరిగ్గా కనబడవు. పేడతో అలికిన నేల మీద తడి పిండి నీళ్లలాగే ఉంటుంది. ఆరేకొద్దీ అంచుల నుంచి లోపలికి తెల్లబడుతుంది. ఆ చలిలో ఆరడానికి చాలాసేపు పట్టింది. నేను పీట మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. వీధి తలుపులోంచి ఏటవాలుగా వెలుతురు పడి, గడప దగ్గరి పాదాలు పూర్తిగా తెల్లబడి, లోపలివి ఇంకా తడిగా మెరుస్తున్నప్పుడు తీశాను. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. నేల నల్లగా ఉండటంతో మీటరు వెలుతురు పెంచేస్తుంది, తెలుపు కాలిపోతుంది. మైనస్ మూడింట రెండు వంతులు పెట్టాల్సిందే. ఈ మొత్తం చలికాలంలో నాకు బాగా నచ్చిన ఫొటో ఇదే. ఇందులో మంచూ లేదు, మఫ్లరూ లేదు.

కొమ్ముపని వాళ్ల వీధికీ వెళ్లాను. పశువుల కొమ్మును వేడిచేసి మెత్తబరిచి కొంగలూ, రొయ్యలూ చేస్తారు. చలిలో ఆ నిప్పు చుట్టూ పనికి సంబంధం లేనివాళ్లు కూడా చేరతారు, నాతో సహా. ఒక ఆదివారం చంద్రగిరి పోయాను. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ మఠం, రంగురంగుల జెండాలు, వెనక కొండలు. ఫొటోలు అందంగానే వచ్చాయి, ఎవరు తీసినా అలాగే వస్తాయి. నా చలికాలం ఫొటోల వరసలో ఒక్కటీ పెట్టలేదు.

సంత మాత్రం వదల్లేదు. కొండల మీది నుంచి సవర తెగ ఆడవాళ్లు కందులు, పసుపు, అల్లం తెచ్చి గోనె పట్టాల మీద పోస్తారు. అట్టముక్కలు కాల్చి చేతులు కాచుకుంటూ బేరాలాడతారు. బయటి నుంచి వచ్చే కెమెరాలవాళ్లు పెద్దవాళ్ల ముఖం మీది పచ్చబొట్టు కోసం, సాగిన చెవుల కోసం లెన్సు మొహంలో పెడతారు. నాకది ఒళ్లుమంట. నేను పసుపమ్మే ఒకావిడ చేతులు తీశాను: గోళ్ల సందుల్లో పసుపు, అరచెయ్యి మంట వైపు తిప్పి. తర్వాత ఆవిడే అడిగితే ముఖం కూడా తీశాను.

భోగి మా వీధిలోనే. మంటను చూసి ఎక్స్‌పోజర్ పెడితే మనుషులు నల్లబొమ్మలు అయిపోతారు. మంట తెల్లగా పోయినా సరే అనుకుని ముఖాలకు పెట్టుకోవాలి. రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఆ ఎరుపును సర్దేసి ట్యూబులైటు కింద తీసినట్టు చేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. పిడకల దండలు పట్టుకుని మన పిల్లలు, పక్కింటి ఒడియా పిల్లలు వరసలో నిలబడ్డారు. ఎవరి దండ పెద్దదో తేలక గొడవ కూడా అయింది.

సంక్రాంతి వెళ్లాక ప్రింట్లన్నీ కవర్లలో పెట్టి, పేరు తెలియనివాళ్లకు నోట్‌బుక్కులో గుర్తు రాసుకుని, షాపు మూసేశాక కొన్నీ పొద్దున్న కొన్నీ పంచాను. ఇద్దరు ముగ్గురు ఇల్లు మారిపోయారు. ఆ కవర్లు నా దగ్గరే ఉన్నాయి. పసుపమ్మే ఆవిడ తన ముఖం ఫొటో చూసి నవ్వి, పక్కనామెకు ఇచ్చి, చేతుల ఫొటో తిప్పి తిప్పి చూసి "ఇదేటి, తల లేదు?" అంది. ముఖం ఫొటో చీరకొంగులో చుట్టుకుని, చేతులది నాకే తిరిగిచ్చింది. వాళ్లాయనతో కలిసి ఒకటి కావాలట. ఆయన సంతకు రాడు, కొండ మీది నుంచి చీపుర్లు దిగే రోజుల్లో మోసుకురావడానికి వస్తాడని చెప్పింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను.