ట్రంకుపెట్టెలోంచి ఆల్బంలోకి: వానాకాలం పనులు

అమలాపురంలో ముసురు పట్టిందంటే కాగితాలు మెత్తబడిపోతాయి. చిన్నప్పుడు దాచుకున్న అంతరిక్షం బొమ్మలను ఆల్బంలోకి ఎక్కించే పని ఆ చెమ్మను చూసుకుంటూనే నడుస్తోంది.

తపాలా బిళ్లల పని అయిపోయింది. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట బొమ్మతో 1975లో వచ్చిన బిళ్ల కవరు ముక్కతో సహా ఉండిపోయింది. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా వదిలితే కాసేపటికి దానంతట అదే జారింది. అద్దుడు కాగితాల మధ్య బోర్లా ఆరబెట్టి, పైన నిఘంటువు పెట్టాను. పాత రెండు రూపాయల నోటు వెనకా అదే ఉపగ్రహం. ఇస్త్రీ చేయమన్నారు కొందరు. అమ్మ పోపులపెట్టెలో దాచిన నోటు అది; ఆ మడతలు నాకు కావాలి.

పేచీ అంతా నోటుపుస్తకాల అట్టలతోనే. అప్పట్లో రంగుల సోవియట్ పత్రికలు చించి అట్టలు వేసుకునేవాళ్లం. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చిన గగారిన్ నా లెక్కల పుస్తకానికి కాపలా. ఆయన శిరస్త్రాణం మీదే నా పేరు, తరగతి రాసిన చీటీ! ఈ నునుపు కాగితానికి సుద్ద పూత ఉంటుంది. తడిసి పక్క కాగితానికి ఆనితే అతుక్కుపోతుంది కనుక నీళ్లు పనికిరావు. వెదురు పుల్లను పలచగా చెక్కి, ఎండిన మైదా జిగురును పొడిగానే లేపుతున్నాను. కొంచెం మిగిలినా పురుగులకు విందే.

అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలబోతోందన్న వార్త ఉన్న కాగితం వేరే రకం. 1979 జూలైలో అది ఎక్కడ పడుతుందోనని, రేపు ఉంటామో లేమోనని పెరట్లో కోళ్లను కోసుకు తిన్నవాళ్లున్నారు. 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. కోళ్లు మాత్రం మిగల్లేదు. పాత వార్తాపత్రిక ఎండాకాలంలో పెళుసు. మడత విప్పితే చిట్లుతుంది. ఈ ఒక్క పనికి మన చెమ్మే మేలు. మూత డబ్బాలో నీళ్ల గిన్నె పక్కన, తడి తగలకుండా రాత్రంతా ఉంచితే మడత లొంగింది. వెంటనే తెల్లకాగితాల మధ్య బరువు పెట్టాలి, లేకుంటే బూజు. లామినేషన్ మాత్రం వద్దు. ఒకసారి వేస్తే మళ్లీ ఊడదు.

ఆల్బం పెట్టిన డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేశాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని మూకుడులో సన్నసెగ మీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇక సాంఘికశాస్త్రం పుస్తకం. దాని మీద అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మహిళ తెరిష్కోవా ఉంది, జిగురు ఇంకా దట్టంగా ఉంది.