బాత్రూం గోడకి పన్నెండు రంధ్రాలు

నిన్న సాయంత్రం మా బాత్రూంలో రెండు స్టీలు హ్యాండిళ్లు బిగించారు. ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసేచోట. ఒక్కోదానికి ఆరు స్క్రూలు. ఆ పన్నెండు రంధ్రాల కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. సంక్రాంతికి ముందు ఓ తెల్లవారుజామున బాత్రూంకని లేచి, తూలి పడ్డారు. ఎముక విరగలేదు గానీ తుంటి మీద నల్లగా కమిలిపోయింది.

డాక్టరు దగ్గర పని తేలిగ్గానే అయింది. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ బీపీ చూశారు. నిలబడగానే పై అంకె 20 కంటే ఎక్కువే పడిపోయింది. బీపీ మాత్ర మార్చారు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్రని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. దాన్ని సొంతంగా ఒక్కసారే ఆపకూడదట. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు కాదు, మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లండి. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడటం నేర్పింది. హవాయి చెప్పులు పారేసి, వెనక పట్టీ ఉన్నవి కొన్నాం.

ఇక హ్యాండిళ్లు. మాది అద్దె ఇల్లు. ఓనరుకి ఫోన్ చేస్తే "టైల్స్‌కి డ్రిల్లింగా? కుదరదమ్మా" అని పెట్టేశారు. నేరుగా వెళ్లాను. కింద పార్కింగ్‌లో, వాచ్‌మన్, పై అంతస్తు వాళ్లు వింటుండగా, "ఇది ఇల్లనుకున్నారా, ఆసుపత్రి అనుకున్నారా? రేపు మీరు ఖాళీ చేశాక ఆ కడ్డీలు చూసి ఎవరు దిగుతారు?" అన్నారు. పెద్దావిడ పడిపోయారండీ అంటే, "కోడళ్లు దగ్గరుండి తీసుకెళ్లాలి గానీ, గోడలకి అప్పజెప్తారా?" అని నవ్వారు. అద్దె ప్రతి నెలా నా జీతంలోంచే వెళ్తుంది. ఆయన మాత్రం "మీ ఆయన్ని మాట్లాడమను" అనేసి లిఫ్ట్ ఎక్కారు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. మేం ఏసీ పెట్టుకుంటామన్నప్పుడు ఇదే మనిషి గోడకి ఇంత బొక్క కొట్టించుకోమని దగ్గరుండి చూపించారు మరి!

వాళ్లావిడ జాలిపడి, గోడకి అతుక్కునే రబ్బరు కప్పులవి కొనుక్కోమన్నారు. కొన్నాను. తడి చేత్తో ఒక్కసారి గట్టిగా లాగితే ఊడి చేతిలోకొచ్చింది. పడబోయే మనిషిని అవి ఏం ఆపుతాయి? డబ్బులు దండగ. టవల్ రాడ్డుని నమ్ముకోవడమూ అంతే.

మా నెల్లూరులోనే 2017లో మొదలైన వయోశ్రీ పథకంలో పేద వృద్ధులకి చేతికర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తున్నారు. సంతోషం. ఓనర్ల మనసు మార్చే పథకం కూడా ఒకటుంటే బాగుండేది.

చివరికి మా ఆయన ఫోన్ చేశారు. రెండు నిమిషాల్లో "సరే బాబూ" అన్నారట! కాకపోతే టైలు పగిలితే గోడ మొత్తం మార్పిస్తామని కాగితం రాసివ్వాలి. రాసిచ్చాం. పట్టుబట్టి సంతకం నేనే పెట్టాను.

ఒక్క టైలూ పగల్లేదు. పనికొచ్చిన కుర్రాడు టైల్స్‌కి వాడే బిట్ వేసి, టేపు అంటించి, డ్రిల్లులో సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ ఆపేసి నెమ్మదిగా దించాడు. బిగించాక నేను రెండు చేతులతో వేలాడి చూశాకే డబ్బులిచ్చాను.

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి అత్తయ్యగారికి మొదట్లో 19 సెకన్లు పట్టేది. 12 దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ఇప్పుడు 13కి వచ్చారు. రోజూ పక్కన నిలబడి చేయించింది నేనే, ఓనరు గారికి ఎవరైనా చెప్పండి.

ఇక గేటు దగ్గర మెట్లు మిగిలాయి. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో రెయిలింగ్ అడగబోతున్నాను. మా ఆయన్ని ఇంట్లోనే ఉండమన్నాను.