మాష్కే సిద్ధాంతం నా పరువు తీసిన వైవా

మొన్న శుక్రవారం నా పీహెచ్‌డీ కాంప్రహెన్సివ్ వైవా ఎట్టకేలకు గట్టెక్కింది. కోర్సు వర్కు, ఫీజు చలానా వంటివి సాఫీగానే నడిచాయి. నా పరిశోధన శీర్షికలోని "మోనాయిడ్"ను "మోనోలిత్" అని టైపు చేసి, ఆ తప్పు దిద్దడానికి సంతకాలన్నీ మళ్లీ తెమ్మన్న సెక్షను గుమాస్తాను మాత్రం ఇప్పట్లో మరిచిపోలేను.

నా అంశం పరిమిత మోనాయిడ్ల రిప్రజెంటేషన్ థియరీ, అంటే మోనాయిడ్ మూలకాలను మాత్రికలుగా చూపి చదవడం. మోనాయిడ్ అంటే సాహచర్య గుణకారం, తత్సమ మూలకం ఉన్న సమితి. సమూహంలో ప్రతి మూలకానికీ విలోమం ఉండి తీరాలి, మోనాయిడ్‌లో ఆ నియమం లేదు. ఒక్కొక్క రెగ్యులర్ జే-క్లాసు (గుణకారంతో ఒకదాని నుంచి ఒకటి చేరుకోగల మూలకాల గుంపు, తన వర్గానికి తానే సమానమైన మూలకం ఉన్నది) నుంచి ఒక్కొక్క గరిష్ఠ ఉపసమూహం వస్తుందని, వాటి ఇర్రెడ్యూసిబుల్ (లోపల ఇంకో చిన్న రిప్రజెంటేషన్ లేని) రిప్రజెంటేషన్లను లెక్కపెడితే మోనాయిడ్‌వి కూడా లెక్కకు వస్తాయని చెప్పే క్లిఫర్డ్-మన్-పొనిజోవ్‌స్కీ సిద్ధాంతాన్ని తడబడకుండా అప్పజెప్పాను. అప్పుడు బయటి నుంచి వచ్చిన పెద్దాయన, రెండు బిందువుల మీది ప్రమేయాలన్నింటి మోనాయిడ్‌కు సంకీర్ణ సంఖ్యల మీద ఆల్జీబ్రా (మూలకాలను సంకీర్ణ సంఖ్యలతో గుణించి కూడితే వచ్చేది) సెమీసింపులేనా, అంటే దాని రిప్రజెంటేషన్లన్నీ ఇర్రెడ్యూసిబుల్ ముక్కలుగా విడిపోతాయా అని మెల్లగా అడిగారు. "అవును సార్, మాష్కే సిద్ధాంతం ప్రకారం" అన్నాను. ఆ సిద్ధాంతం సెమీసింపుల్ అని హామీ ఇచ్చేది పరిమిత సమూహాలకు, మోనాయిడ్లకు కాదు. మా గైడుగారు తల దించుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"మాష్కే సగటు తీసేటప్పుడు విలోమాలు వాడతాం కదా, ఇక్కడ అవెక్కడున్నాయి?" అని ఆయన సుద్దముక్క నా చేతికిచ్చారు. మూలకాలు 4: తత్సమం, తారుమారు, రెండు స్థిర ప్రమేయాలు. నేను అప్పజెప్పిన సిద్ధాంతం ప్రకారమే ఇర్రెడ్యూసిబుల్ రిప్రజెంటేషన్లు మొదటి రెండింటి సమూహం నుంచి 2, స్థిర ప్రమేయాల నుంచి 1, మొత్తం 3. ఆల్జీబ్రా సెమీసింపుల్ అయితే ఆ మూడింటి పరిమాణాల (మాత్రికల సైజుల) వర్గాల మొత్తం 4 కావాలి; అన్నీ 1 అయితే 3 వస్తుంది, ఒకదాన్ని 2 చేస్తే 6 అవుతుంది. "మరి నాలుగెలా తెస్తారు?" అని అడిగితే బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాస్తూ చాలాసేపు నిలబడిపోయాను. చివరికి ఆయనే జాలిపడి, స్థిర ప్రమేయాల తేడాను దానితోనే గుణించమన్నారు. వాటిని a, b అనుకుని ఒకదాని తర్వాత ఒకటి వాడితే చివర వాడినదే మిగులుతుంది కాబట్టి ab = a (ముందు b, తర్వాత a), ba = b; అందువల్ల (a−b)(a−b) = a − a − b + b, అంటే సున్నా. సెమీసింపుల్ కాకుండా అడ్డుపడే భాగం, అంటే రాడికల్, నా కళ్లెదుటే ఉంది.

"ఉదాహరణలు ఎమ్మెస్సీ వాళ్లకి, నువ్వు సిద్ధాంతాలు చదువు" అని ఉచిత సలహా పారేసిన సీనియరు మాట విని ఈ గతి తెచ్చుకున్నాను. ఈ దారిలోకి వచ్చేవాళ్లు ముందు ఈ 4 మూలకాల మోనాయిడ్‌ను చేత్తో లెక్క కట్టండి, క్వివర్ల (ఆల్జీబ్రా నిర్మాణాన్ని బాణాలతో చూపే బొమ్మల) సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆఖరి పది నిమిషాల్లో మాత్రం, గొప్ప అనుకోకపోతే, బోర్డు నాదే. రెండు బిందువుల మీది సిమెట్రిక్ ఇన్వర్స్ మోనాయిడ్‌లో (కొన్ని బిందువులనే అయినా వేర్వేరు బిందువులకు పంపే పాక్షిక ప్రమేయాలన్నీ ఉండేది) మూలకాలు 7, ఇర్రెడ్యూసిబుల్ రిప్రజెంటేషన్ల పరిమాణాలు 1, 2, 1, 1, వర్గాల మొత్తం సరిగ్గా 7 కాబట్టి ఇది సెమీసింపులేనని ఒక్క అక్షరం చెరపకుండా చూపించాను.

పాసయ్యాను గానీ, మూడు బిందువుల మీది ప్రమేయాలన్నింటి మోనాయిడ్ లెక్క ఆరు నెలల్లో తెమ్మని షరతు పెట్టారు. ఆ రాత్రే కూర్చున్నాను: మూలకాలు 27, పరిమాణాలు 1, 3, 2, 1, 1, 2, వర్గాల మొత్తం 20, రాడికల్ పరిమాణం 7. మూడుసార్లు సరిచూసుకున్నాకే పడుకున్నాను.