ఇంకో సీసా ఎక్కించాలా?

డ్యూటీ నుంచి రూముకి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. అన్నం తినే ఓపిక లేక మజ్జిగ తాగేసి కూర్చున్నా. నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నా. పొద్దుటి నుంచి బుర్రలో తిరుగుతున్నది ఒకటే విషయం, సెలైన్.

నెల్లూరులో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చేస్తున్నవాళ్ళని ఎవరిని అడిగినా చెబుతారు, క్యాజువాల్టీలో ఎక్కువగా వినపడే మాట "గ్లూకోసు ఎక్కించండి మేడం" అనేదే. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది మా దాకా రాకముందే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒకటో రెండో సీసాలు ఎక్కించుకునే వస్తారు. వాళ్ళని నేను తప్పు పట్టను. మెట్ట ఊళ్ళు, మండే ఎండలో చేలో పని, వాంతులూ విరేచనాలతో శోషొచ్చి పడిపోయిన మనిషి సెలైన్ ఎక్కాక లేచి కూర్చోవడం వాళ్ళు కళ్ళారా చూసిందే. 1832లో స్కాట్లండ్‌లో కలరా వచ్చినప్పుడు థామస్ లాట్టా అనే డాక్టరు ఉప్పునీళ్ళు నరంలోకి ఎక్కించి చూసిందీ అదే. నీళ్ళు పోయిన ఒంటికి నీళ్ళివ్వాలి, అందులో గొడవేమీ లేదు. ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి బీపీ పడిపోయిన మనిషికి, మేము సెప్టిక్ షాక్ అనే కేసుకి, ఎన్ని సీసాలు ఎక్కించాలన్న దగ్గరే అసలు కష్టం.

పదకొండు గంటలప్పుడు 108లో అలాంటి ఆయనే ఒకరు వచ్చారు. యాభై దాటి ఉంటాయి. కాల్లో ముల్లు దిగి పుండు పడింది, షుగర్ ఉంది, మాత్రలు గుర్తొస్తే వేసుకుంటాడట. మోకాలి దాకా కాలు వాచి ఎర్రగా ఉంది, చెయ్యి పెడితే కాలిపోతోంది. బీపీ 70/40. పిలిస్తే ఊఁ అని మళ్ళీ కళ్ళు మూసేస్తున్నాడు. సిస్టర్ రెండు చేతులకీ లైన్లు పెట్టేసింది, ఏ క్రిమో తెలియడానికి నేను బ్లడ్ కల్చర్‌కి రక్తం తీశాను, యాంటీబయాటిక్ వెంటనే పడిపోయింది. ఈ జబ్బులో గడిచే ప్రతి గంటా లెక్కే. గైడ్‌లైన్ ప్రకారం కిలోకి 30 మి.లీ. సెలైన్. ఆయన 60 కిలోలుంటాడనుకుంటే 1800 మి.లీ., అంటే అర లీటరు సీసాలు మూడున్నరకి పైనే. ఊళ్ళోనే రెండు ఎక్కి వచ్చాయి, మా దగ్గర ఒకటి అయిపోయి ఇంకోటి నడుస్తోంది. అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టి గుండె, ఊపిరితిత్తులు చూశాం, ఊపిరితిత్తుల కింది భాగాల్లో అప్పుడే నీరు చేరుతున్నట్టు కనపడుతోంది. ఇక సీసాలు ఆపి, రక్తనాళాల్ని బిగించి బీపీ పెంచే నారెడ్రినలిన్ అనే మందు మొదలుపెట్టాం.

ఆయన భార్య స్ట్రెచర్ పక్కనే నిలబడి, ఖాళీ అయిన సీసానే చూస్తోంది. "ఇంకోటి పెట్టండి మేడం, ఊళ్ళో పెట్టినప్పుడు కాసేపు తెలివిగా ఉండాడు, ఎందుకు ఆపేశారు?" అంది. "అక్కా, ఆయన ఒంట్లో నీళ్ళు తక్కువై కాదు, రక్తనాళాలు సడలిపోయి బీపీ పడింది. ఇంకా పోస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుద్ది" అని చెప్పాను. తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. నమ్మకపోవడంలో ఆమె తప్పేముంది, డాక్టర్లే దీని మీద పాతికేళ్ళుగా వాదించుకుంటున్నారు.

2001లో అమెరికాలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి క్యాజువాల్టీలో రివర్స్ అనే డాక్టరు 263 మంది మీద ఒక అధ్యయనం చేశారు. వచ్చిన మొదటి ఆరు గంటల్లోనే సెలైన్, మందులు, రక్తం, అన్నీ ఒక లెక్క ప్రకారం గట్టిగా ఇస్తే చనిపోయేవాళ్ళు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గారు. మా సీనియర్లు చదువుకున్నది ఆ పాఠమే. తర్వాత 2014, 2015లో అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లలో మూడు పెద్ద అధ్యయనాలు జరిగాయి, ఆ కచ్చితమైన లెక్కతో చేసినా, డాక్టర్ తన అంచనాతో చేసినా తేడా రాలేదు. ఈ మధ్యలో మామూలు వైద్యమే మెరుగుపడింది, త్వరగా గుర్తుపట్టడం, త్వరగా యాంటీబయాటిక్ వేయడం అందరికీ అలవాటైపోయింది. ఇక్కడిదాకా పరీక్షల కోసం పీజీలందరం చదివేదే.

నన్ను కుదిపేసినవి ఆఫ్రికా అధ్యయనాలు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని ఆసుపత్రికి వచ్చిన 3141 మంది పిల్లల మీద ఫీస్ట్ అని ఒక అధ్యయనం చేశారు. విరేచనాలతో వచ్చిన పిల్లల్ని అందులో చేర్చలేదు. కొందరికి వేగంగా సెలైనో, అల్బుమిన్ అనే ప్రొటీన్ కలిపిన ద్రవమో ఎక్కించారు, కొందరికి అలా ఎక్కించకుండా మిగతా వైద్యమంతా చేశారు. వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో పోయినవాళ్ళు 10.5 శాతం పైన, ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం. అనుకున్న సంఖ్య పూర్తికాకముందే అధ్యయనం ఆపేయాల్సి వచ్చింది. ప్రపంచమంతా కళ్ళు మూసుకుని చేస్తున్న పని, అక్కడి పిల్లలకి హాని చేస్తోందని తేలింది. ఆ తర్వాత జాంబియా రాజధాని లుసాకాలో 212 మంది పెద్దవాళ్ళ మీద చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి (దీన్నే సెప్సిస్ అంటాం) బీపీ పడిపోయినవాళ్ళకి ప్రొటోకాల్, అంటే ముందే రాసుకున్న పద్ధతి ప్రకారం గట్టిగా సెలైన్ ఇస్తే 48.1 శాతం మంది పోయారు, మామూలు వైద్యంలో 33 శాతం. వాళ్ళలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ ఉంది, వెంటిలేటర్లు అంతంత మాత్రం, కాబట్టి దాన్ని తెచ్చి నెల్లూరుకి అలాగే అంటించేయలేం. డెట్రాయిట్‌ది కూడా అలాగే అంటించలేం కదా, మరి దాన్ని ఇన్నేళ్ళు ఎందుకు అంటించుకున్నాం?

అమెరికాలో అదనపు సీసా ఊపిరితిత్తుల్లోకి చేరితే పక్కనే వెంటిలేటర్ సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ ఐసీయూలో మంచం ఖాళీ అయ్యేదాకా మనిషి క్యాజువాల్టీలోనే, అదే స్ట్రెచర్ మీద, మా ముందే ఉంటాడు. మా కేసులు కూడా వేరు. రొయ్యల గుంతల దగ్గర కాలు తెగినవాళ్ళు, పొదల్లోని చిన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం, డెంగీ, ఇలా షుగర్ పుండుతో వచ్చినవాళ్ళు, వంద కిలోమీటర్ల అవతల నుంచి దారిలోనే సగం సమయం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. వీళ్ళకి ఎన్ని సీసాలు పెట్టాలో తేలాలంటే ఆ పరీక్ష వీళ్ళ మీదే, ఇలాంటి ఆసుపత్రుల్లోనే జరగాలి. ఈ మాట నేను సెమినార్‌లో చెప్పాను, రేపూ చెబుతాను.

ఇది జరగని పనేమీ కాదు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలి రక్తం కారుతున్నవాళ్ళకి, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు పనిచేస్తుందని తేల్చిన క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20 వేల పైన రోగులున్నారు, మన దేశపు ఆసుపత్రులు కూడా చేరాయి. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇవ్వాలి, దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు జరగొచ్చు. చాలా చవక మందు. హైవే మీద యాక్సిడెంట్ అయి వచ్చినవాళ్ళకి ఆ ఇంజక్షన్ వేసినప్పుడల్లా, ఎక్కడెక్కడో క్యాజువాల్టీల్లో అర్ధరాత్రి ఫారాలు నింపిన డ్యూటీ డాక్టర్లు గుర్తొస్తారు నాకు.

నా థీసిస్ అంత పెద్దదేం కాదు. షాక్‌లో వచ్చినవాళ్ళ చూపుడువేలి కొనని గాజు స్లైడుతో పది సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాను. మూడు సెకన్లు దాటితే రక్తప్రసరణ ఇంకా సర్దుకోలేదని లెక్క. దాన్ని లాక్టేట్‌తో, అంటే ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం ల్యాబ్ అంకెతో, పోల్చి రాసుకోవడమే నా పని, వైద్యం మార్చేదేమీ లేదు. 2019లో లాటిన్ అమెరికాలోని ఐదు దేశాల్లో 424 మంది మీద ఆండ్రోమెడా-షాక్ అని ఒక అధ్యయనం వచ్చింది. వేలిని చూస్తూ వైద్యం చేసిన గుంపులో 28 రోజుల్లో 34.9 శాతం మంది పోయారు, లాక్టేట్ చూస్తూ చేసిన గుంపులో 43.4 శాతం. గణాంకాల ప్రకారం ఆ తేడా కచ్చితమని చెప్పలేం, కానీ ఖరీదైన పరీక్ష కంటే వేలు చూడటం తీసిపోలేదంటే మాలాంటి చోట అది చిన్న సంగతా? అర్ధరాత్రి ల్యాబ్ రిపోర్ట్ కోసం ఎదురుచూసే ఏ పీహెచ్‌సీ డాక్టరైనా, ఆత్మకూరులో ఉన్నా కనిగిరిలో ఉన్నా, గాజు స్లైడు, గడియారం ఉంటే చూసుకోవచ్చు.

ఇవాళ ఆయనకి వచ్చినప్పుడు వేలికి రంగు తిరిగి రావడానికి ఆరు సెకన్లు పట్టింది. మందు మొదలైన రెండు గంటలకి నాలుగు. సాయంత్రానికి మూడుకి వచ్చింది, మనిషి భార్యని పేరు పెట్టి పిలిచాడు.

ఆ అంకెలు థీసిస్‌లో వాడుకోవడానికి సమ్మతి ఫారం తీసుకుని ఆయన భార్య దగ్గర కూర్చున్నది ఆ తర్వాతే. చదువు రాదంది. అలాంటప్పుడు ఫారం మొత్తం చదివి వినిపించాలి, మాకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. పక్క మంచం పేషెంటు అల్లుడు సాక్షిగా కూర్చున్నాడు. అంతా విని, "ఇది రాసుకుంటే ఈయనకేం ఒరుగుద్ది మేడం?" అని సూటిగా అడిగింది. ఈయనకేమీ ఒరగదక్కా, వద్దన్నా వైద్యం ఇలాగే జరుగుద్ది, రేపు ఇలాగే వచ్చేవాళ్ళకి పనికొస్తుందేమో అన్నాను. కాసేపు ఆలోచించి, "మా పెద్దోడు బెంగుళూరు నుంచి బయల్దేరాడు, వాడొచ్చినాక చెప్తా" అంది. సరే అన్నాను. అప్పటిదాకా ఆ అంకెలు కేసు షీట్‌లోనే ఉంటాయి, నా థీసిస్ పేజీలోకి రావు.

నావి వేలు నొక్కి రాసుకునే అంకెలే కాబట్టి కొడుకు వచ్చేదాకా ఆగగలను. సెలైన్ ఎంత ఇవ్వాలో తేల్చే అధ్యయనమైతే ఆగడం కుదరదు, తేలాల్సింది మొదటి గంటలోనే. ఫీస్ట్‌లో అందుకనే, రాతపూర్వక సమ్మతికి సమయం లేనప్పుడు, పిల్లల తల్లిదండ్రుల్ని నోటిమాటగా అడిగి మొదలుపెట్టి, బిడ్డ కాస్త కుదుటపడ్డాక వివరంగా చెప్పి సంతకం తీసుకున్నారు. వద్దంటే వద్దనే హక్కు వాళ్ళకి అప్పుడూ ఉంది. మన దగ్గర అలా చేయాలంటే పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ముందు గట్టిగా వాదించాలి, ఈ అక్కలాంటి వాళ్ళకి అర్థమయ్యే నాలుగు వాక్యాలు ముందే రాసి పెట్టుకోవాలి.

ఆయన్ని ఎనిమిదిన్నరకి ఐసీయూకి పంపాం, కాలు సర్జరీ వాళ్ళు రాత్రికే చూస్తామన్నారు. రేపు రౌండ్స్ అయ్యాక గైడ్ సార్‌ని పట్టుకుని అడగాలి, నా థీసిస్ అయ్యేలోగా నెల్లూరు, ఒంగోలు క్యాజువాల్టీలు రెండూ కలిసి సెలైన్ మీద ఒక చిన్న ప్రొటోకాల్ రాయడం మొదలుపెడదామా అని.