కెపిట్యులేట్: షరతుల నుంచి లొంగుబాటు దాకా

ఆంగ్లంలో లొంగుబాటును తెలిపే క్రియలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ‘కెపిట్యులేట్’. లాటిన్‌లో ‘కాపుట్’ అంటే తల. దాని నుంచి అధ్యాయ శీర్షికను సూచించే ‘కాపిటులుమ్’, అందులోంచి విషయాలను శీర్షికల వారీగా రాయడమనే మధ్యయుగ క్రియ పుట్టాయి. 16వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చిన ఈ మాటకు తొలుత ఓటమితో పనిలేదు; షరతులను అంశాలవారీగా రాసుకుని ఒప్పందం కుదుర్చుకోవడమే దాని అర్థం. ముట్టడిలో చిక్కిన కోటను అప్పగించేటప్పుడు సైనికుల ప్రాణాలకు, ఆయుధాలకు, బయటికి వెళ్లే దారికి సంబంధించిన షరతులను ఇలాగే రాయించుకునేవారు కనుక, కాలక్రమేణా ఒప్పందం వెనుకబడి లొంగుబాటే ముందుకు వచ్చింది. చెప్పిన ముఖ్యాంశాలను మళ్లీ క్లుప్తంగా చెప్పడమనే అర్థమున్న ‘రీకెపిట్యులేట్’లో మాత్రం పాత శీర్షికల భావం ఇంకా బతికే ఉంది. యాజమాన్యం కార్మికుల డిమాండ్లకు తలొగ్గిన సందర్భంలో ‘కెపిట్యులేట్ టు’ చక్కగా అమరుతుంది; వ్యాధికి లొంగి మరణించినప్పుడు ‘సక్కంబ్’ వాడాలి.