రాష్ట్రపతి చాప్టర్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

రాజ్యాంగంలో 52 నుంచి 78 దాకా ఆర్టికల్స్ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు కూడా స్టేట్‌మెంట్ ప్రశ్న దగ్గర తడబడతారు. గ్రూప్-1, గ్రూప్-2 పేపర్లలో బిట్టు నంబరు దగ్గర కంటే షరతు దగ్గరే తిరుగుతుంది. కాబట్టి ప్రతి అధికారం పక్కన మూడు విషయాలు రాసుకోండి: ఎవరి సలహా, ఎంత గడువు, ఏ మెజారిటీ.

మొదలుపెట్టాల్సింది ఆర్టికల్ 74తో. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 42వ సవరణ (1976) స్పష్టంగా రాసింది. ఒకసారి పునఃపరిశీలనకు పంపే వెసులుబాటును 44వ సవరణ (1978) ఇచ్చింది. తిరిగొచ్చిన సలహాను మాత్రం పాటించాల్సిందే. ఇది గట్టిగా పట్టుబడితే సగం చాప్టర్ అర్థమైనట్టే. ఆర్టికల్ 72 క్షమాభిక్ష కూడా దీని కిందికే వస్తుంది. అది సొంత విచక్షణ కాదని మారూ రామ్ కేసు (1980) తేల్చింది. ఆ నిర్ణయంపై పరిమిత న్యాయసమీక్ష ఉంటుందనడానికి మన ఏపూరు సుధాకర్ కేసు (2006) మెయిన్స్‌లో తప్పక రాయండి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది బిల్లుల మీద. ఆర్టికల్ 111, 201, 368లను విడివిడిగా చదివితే కలగాపులగమైపోతాయి, పక్కపక్కన పెట్టి చదవండి. 111 కింద సాధారణ బిల్లును వెనక్కి పంపవచ్చు, మనీ బిల్లును పంపకూడదు. పార్లమెంటు మళ్లీ పాస్ చేస్తే ఆమోదించక తప్పదు. ఆ రెండోసారికి సాధారణ మెజారిటీ చాలు. మూడింట రెండొంతులు అమెరికా పద్ధతి. 2006లో కలాం వెనక్కి పంపిన లాభదాయక పదవుల బిల్లు ఇలాగే తిరిగొచ్చి చట్టమైంది. రాష్ట్రపతి పరిశీలనకని గవర్నర్ రిజర్వు చేసిన బిల్లు (201) సంగతి వేరు: రాష్ట్రపతి వెనక్కి పంపితే శాసనసభ ఆరు నెలల్లో పరిశీలించాలి, కానీ మళ్లీ పాసైనా ఆమోదించి తీరాలన్న నిబంధన 201లో లేదు. రాజ్యాంగ సవరణ బిల్లుకైతే (368) ఆమోదం తప్పనిసరి, 24వ సవరణ (1971) నుంచి.

111లో గడువు లేకపోవడమే పాకెట్ వీటోకు, అంటే బిల్లుపై ఏ నిర్ణయమూ చెప్పకుండా ఉంచేయడానికి, మూలం. 1986 పోస్టాఫీసు సవరణ బిల్లును జైల్ సింగ్ అలాగే ఉంచేశారు. తమిళనాడు గవర్నర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 2025 ఏప్రిల్ తీర్పును బట్టి ‘రాష్ట్రపతికి మూడు నెలల గడువు’ అని నోట్సులో రాసుకున్నవాళ్లు దాన్ని సరిచేసుకోండి. కోర్టులు అలాంటి గడువులు విధించలేవని, గడువు దాటితే ఆమోదించినట్టే అనడం కుదరదని, ఆర్టికల్ 143 కింద రాష్ట్రపతి సలహా కోరుతూ పంపిన ప్రశ్నలపై సుప్రీంకోర్టు 2025 నవంబరులో అభిప్రాయం చెప్పింది.

ఆర్డినెన్స్‌లో (123) ‘రెండు సభలూ సమావేశంలో లేనప్పుడే’ అన్న స్టేట్‌మెంట్ ఇస్తారు. అది తప్పు. ఒక్క సభ సమావేశంలో లేకపోయినా చాలు. గడువు పార్లమెంటు తిరిగి కొలువుదీరాక ఆరు వారాలు. రెండు సభలూ వేర్వేరు తేదీల్లో మొదలైతే తర్వాతి తేదీ నుంచి లెక్క.

ఎమర్జెన్సీల్లో దొర్లే పొరపాటు ఆమోద గడువు దగ్గరే. 352కు (జాతీయ ఎమర్జెన్సీ) ఒక నెల, ప్రత్యేక మెజారిటీ (మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు). 356 (రాష్ట్రపతి పాలన), 360 (ఆర్థిక ఎమర్జెన్సీ)లకు రెండు నెలలు, సాధారణ మెజారిటీ. 352 ప్రకటనకు కేబినెట్ సలహా లిఖితపూర్వకంగా ఉండాలి.

ఇక రాష్ట్రపతి ఎన్నికనూ, పదవి నుంచి తొలగించే అభిశంసననూ జంటగా చదవండి. నామినేటెడ్ ఎంపీలకు ఎన్నికలో ఓటు లేదు, అభిశంసనలో ఉంది. ఎమ్మెల్యేలకు సరిగ్గా తిరగేసి. అభిశంసన నోటీసుకు 14 రోజులు, నాలుగో వంతు సభ్యుల సంతకాలు, తీర్మానానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు. ఇక్కడ ‘హాజరై ఓటేసినవారిలో’ అని ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు విలువకు ఇప్పటికీ 1971 జనాభా లెక్కలే ఆధారం: ఎమ్మెల్యేకు ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132.