అట్ట 150, పుస్తకం 20

పదకొండున్నరయింది, నిద్ర రావడం లేదు. కాఫీ వల్ల కాదు, అబిడ్స్‌లో ఆ కుర్రాడి వల్ల.

ఆదివారం కదా, మూసేసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరిచారు. "అరగంటే" అని చెప్పి మా ఆయన టీకి వెళ్ళిపోయారు. డిటెక్టివ్ యుగంధర్ నవలేదైనా దొరుకుతుందేమోనని నేను వంగి వెతుకుతుంటే, పక్కన ఓ తాడు కట్టి, క్లిప్పులు పెట్టి, ఆరేసిన బట్టల్లా అట్టలు. ఉత్త అట్టలే! యువ, చందమామ పత్రికలవి, ఏవేవో డిటెక్టివ్ నవలలవి. లోపలి పుస్తకాలేవయ్యా అంటే కాలితో ఓ కట్ట చూపించాడు. కాలితో. "ఫ్రేముకి అట్టే అడుగుతారు మేడమ్. అట్ట 150, పుస్తకం కావాలంటే 20." కట్టలో పైన ఉన్నదాన్ని తీసి చూస్తే బ్లేడు పెట్టి కోసినట్టు తెలుస్తోంది, తుప్పు పట్టిన పిన్నులు బయటికి పొడుచుకొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయి చెడామడా నాలుగు అనేశాను. వాడు నవ్వుతూ ఇంకెవరికో చిల్లర ఇస్తున్నాడు.

ఇంటికొచ్చాక కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. సరే, అది వేరే గొడవ.

ఇప్పుడు పడుకున్నాక గుర్తొచ్చింది, గుడివాడలో మా అద్దె పుస్తకాల షాపాయన కూడా ఇదే పని చేసేవాడు! కొత్త నవల రాగానే అట్ట ఊడదీసి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసతో కుట్టి, పైన ఖాకీ కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో నంబరు వేసేవాడు. "217 వచ్చిందా అండీ?" అని అడిగేవాళ్ళం. ఆ యుగంధర్ నవలలు రాసిన కొమ్మూరి సాంబశివరావు గారివి అన్ని చదివాను గానీ దేని ముఖమూ చూడలేదు. ఊడదీసిన అట్టలు మాత్రం షాపు గోడనిండా అంటించేవాడు. రివాల్వర్లు, పుర్రెలు, తలుపు సందులోంచి ఓ చెయ్యి, పచ్చ చీరలో అరుస్తున్న ఒకావిడ. ఏ బొమ్మ ఏ పుస్తకానిదో ఆయనకే గుర్తుండేది కాదు. ఆ పచ్చ చీరావిడ ఎందులో చచ్చిపోతుందో కనిపెట్టాలని ఒక వేసవి సెలవులంతా చదివాను. ఎందులోనూ చావలేదు. అసలు పచ్చ చీరే ఎవరూ కట్టలేదు.

ఆ గోడంటే నాకెంత ఇష్టమో. మరి ఆయన చేస్తే ముద్దు, ఈ కుర్రాడు చేస్తే కోపమా? పాపం వాడు ప్లాస్టిక్ కవరన్నా వేశాడు.

(అవును, కొన్నాను. తిట్టి మరీ కొన్నాను.)

యువ అట్ట. వడ్డాది పాపయ్య గారి బొమ్మ, మూలన వ.పా. అని సంతకం. బాపు గారైతే రెండు గీతలతో మనిషిని నిలబెట్టేస్తారు, ఈయన అలా కాదు, రంగులో నానబెడతారు. వాలిన కళ్ళు, నడుం దాకా జడ, మోచేతి దగ్గర గులాబీ రంగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో ఎంతసేపు చూసినా దొరకలేదు.

వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో పాల లెక్క. "3 రాలేదు. 7 అర లీటరే. 12 నీళ్ళు." ఆ నీళ్ళు కింద రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.

ఫ్రేము కట్టిస్తే ఇది గోడవైపుకి పోతుంది. ప్రస్తుతానికి పరుపు కింద పెట్టాను. వచ్చే ఆదివారం ఆ 20 రూపాయల కట్టలో దీని ఒళ్ళు ఇంకా ఉందేమో వెతకాలి. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.